ఒకే బెంచీ మీద చైనా విద్యార్థి, తెలుగు విద్యార్థి
(ఇంగ్లీషు వ్యాకరణము, చదివి అర్థము చేసుకొనుట: ఇంటిలో అభ్యాసమునకు ఒక పాఠము)



మన కుటుంబములు నేడు అనేక దేశములలో, అనేక పట్టణములలో స్థిరపడియున్నవి. సింగపూరులో గాని, టొరంటోలో గాని, సిడ్నీలో గాని ఇంగ్లీషు నేర్పే తరగతిలోనికి వెళ్లి చూడండి. మన తెలుగు బిడ్డ ప్రక్కనే చైనా భాష మాట్లాడే విద్యార్థి కూర్చుని ఉండవచ్చు. ఇద్దరికీ అదే పుస్తకము, అదే పరీక్ష. అయినా ఉపాధ్యాయుడు దిద్ది ఇచ్చిన తరువాత ఇద్దరి నోటు పుస్తకములు ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే ఎర్ర సిరా పడిన చోట్లు ఒక్కటి కావు. చైనా విద్యార్థి తప్పిన చోట మనవాడు సులభముగా దాటిపోతాడు. మనవాడు తప్పిన చోట అతడు తడుముకోడు. కొన్ని చోట్ల మాత్రము ఇద్దరూ కలిసే పడతారు.

దీనికి కారణమేమి? తెలివి తక్కువై కాదు, శ్రద్ధ లేకా కాదు. ఎవరి మాతృభాషలో ఒప్పుగా ఉన్న అలవాటు వారి ఇంగ్లీషులోనికి నడిచి వస్తున్నది. అక్కడ ఒప్పైనది ఇక్కడ తప్పవుతున్నది. కాబట్టి వ్యాకరణ పుస్తకమును మొదటి పుట నుండి చివరి పుట వరకు బట్టీ పట్టుట కంటే, మన తెలుగు ఎక్కడెక్కడ ఇంగ్లీషును ప్రక్కకు లాగుతున్నదో తెలుసుకొని ఆ చోట్లనే సాధన చేయుట మేలు. ఈ పాఠము ఉద్దేశము అదే.

ఇది మార్కుల సంగతి మాత్రమే కాదు. అద్దె ఇంటి ఒప్పందము, ఉద్యోగపు ఉత్తరము, ఆసుపత్రి కాగితము, బడి నుండి వచ్చిన నోటీసు, ఇవన్నీ వలస వెళ్లినవారి చేతికి ఇంగ్లీషులోనే వస్తాయి. పైకి చదవగలిగి కూడా అర్థము పట్టుకోలేకపోతే సంతకము మనది, నష్టము కూడా మనది అవుతుంది.

ఒక సూచన. ఈ పాఠములో ఇంగ్లీషు వాక్యములు తెలుగు అక్షరములలోనే ఇచ్చాము. ఒక్కొక్క వాక్యమును పైకి చదివి, మీ పుస్తకములో ఇంగ్లీషు అక్షరములతో వ్రాసుకోండి. పెద్దలు చదువుతుంటే పిల్లలు వ్రాస్తే మరీ మంచిది. డిక్టేషను కూడా అయిపోతుంది.

1. ఎమ్మిగనూరువారికి కన్నడము త్వరగా ఎందుకు వస్తుంది?

మొదట మన ఊరి సంగతి చూద్దాము. ఎమ్మిగనూరు నేడు కర్నూలు జిల్లాలో ఉన్నది. కానీ 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడేవరకు ఈ ప్రాంతము ఆదోని తాలూకాలో భాగముగా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆనాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి, బళ్లారి మైసూరుకు వెళ్లినది. సరిహద్దు గీత మారినా మాటలు మారలేదు. సంతలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడూ నేటికీ వినబడతాయి.

సుగ్గికి బెంగుళూరు వెళ్లిన మనవారు కొద్ది నెలలలోనే కన్నడము మాట్లాడేస్తారు. బడికి వెళ్లనివారు కూడా మాట్లాడతారు. అదే మనుష్యులు ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి ఏండ్లు గడిచినా తడబడతారు. ఎందుకో ఈ రెండు వాక్యములు చూడండి.

తెలుగు: నేను ఇంటికి వెళ్తాను.
కన్నడము: నాను మనెగె హోగుత్తేనె.

నేను-నాను, ఇంటికి-మనెగె, వెళ్తాను-హోగుత్తేనె. మాటకు మాట మార్చితే చాలు, వరుస మారలేదు. "కి" ఉన్న చోటనే "గె" ఉన్నది. క్రియ చివరనే ఉన్నది. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘము స్థాపించిన ఊరు మనది. మగ్గము తెలిసిన వారికి ఇలా చెబితే సులువుగా తెలుస్తుంది: తెలుగు నుండి కన్నడమునకు వెళ్లినప్పుడు పడుగు అదే ఉంటుంది, పేక మాత్రమే మారుతుంది.

ఇప్పుడు ఇంగ్లీషు చూడండి: "ఐ గో టు ద హౌస్." క్రియ మధ్యకు వచ్చింది. "కి" అనే అర్థమిచ్చే "టు" ఇంటికి ముందు నిలిచింది. ఇక్కడ పడుగునే కొత్తగా తోడవలెను. కన్నడము వచ్చిన పద్ధతిలోనే ఇంగ్లీషు కూడా వస్తుందని మాటకు మాట మార్చుకుంటూ పోవుట వలననే మన తప్పులలో చాలా భాగము పుడుతున్నవి.

చైనా విద్యార్థికి ఈ వరుస కష్టము లేదు. అతని మాండరిన్ భాషలో "నేను టీ తాగుతాను" అనడానికి "వో హ చా" అంటారు. "వో" అంటే నేను, "హ" అంటే తాగు, "చా" అంటే టీ. మనము చాయ్ అనే మాటకు కూడా మూలము చైనాలోనే ఉన్నది. వరుస చూశారా? నేను, తాగు, టీ. ఇంగ్లీషు "ఐ డ్రింక్ టీ" వరుస కూడా అదే. అయితే అతని కష్టములు అతనికి వేరే ఉన్నవి.

2. అతనికి కష్టము, మనకు సులభము

మాండరిన్ భాషలో క్రియ రూపము మారదు. నిన్న అయినా, రేపు అయినా, నేనైనా, ఆమె అయినా "హ" అనేది "హ" గానే ఉంటుంది. కాలమును తెలుపడానికి "నిన్న" వంటి మాటో, "ల" వంటి చిన్న పదమో చేర్చుకుంటారు. అందుచేత ఆ విద్యార్థి "యెస్టర్‌డే ఐ గో టు మార్కెట్" అని, "షి డ్రింక్ టీ" అని వ్రాస్తాడు. "వెంట్" అని మార్చడము, "డ్రింక్స్" అని చివర "స్" చేర్చడము అతనికి కొత్త సంగతి. నామవాచకములకు కూడా సాధారణముగా బహువచనపు గుర్తు ఉండదు, కాబట్టి "త్రీ బుక్" అంటాడు.

అతడు, ఆమె అనే రెండింటికీ మాండరిన్‌లో "తా" అనే పలుకుతారు. వ్రాతలో తేడా ఉన్నది, పలుకులో లేదు. అందుకే తన తల్లిని గురించి చెబుతూ "హి" అనేస్తాడు.

మనకు ఇవి కొత్త కావు. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది అని మనిషి మారినప్పుడెల్లా తెలుగు క్రియ మారుతుంది. వెళ్తాడు, వెళ్లాడు అని కాలమును బట్టి మారుతుంది. పుస్తకము, పుస్తకములు అని వచనము మారుతుంది. ఇంత మార్పు తెలిసిన వానికి "గో, గోస్, వెంట్" అనే మూడు రూపములు భారము కారాదు. మన బిడ్డలకు ఇలా చెప్పండి: "నాయనా, తెలుగులో 'మా నాన్న పొలానికి వెళ్తాను' అంటావా? అనవు గదా! అలాగే 'మై ఫాదర్ గో' అనకూడదు, 'మై ఫాదర్ గోస్' అనాలి." తెలుగు మన ఇంగ్లీషుకు అడ్డము మాత్రమే అనుకోవద్దు. ఇటువంటి చోట్ల అది మనకు ఊతకర్ర.

3. మనకు కష్టము, అతనికి సులభము

(అ) "నాకు" అనే మాట. తెలుగులో ఎన్నో వాక్యములు "నాకు" అని మొదలవుతాయి. నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉన్నారు. నాకు జ్వరము వచ్చింది. నాకు ఆకలి వేస్తున్నది. నాకు ఇంగ్లీషు తెలుసు. దీనిని మాటకు మాట మార్చి "టు మి టూ బ్రదర్స్ ఆర్ దేర్", "ఫీవర్ కేమ్ టు మి" అంటాము. ఇంగ్లీషులో ఈ వాక్యములన్నిటిలో "ఐ" ముందుకు వస్తుంది.

ఐ హ్యావ్ టూ యంగర్ బ్రదర్స్.
ఐ హ్యావ్ ఎ ఫీవర్.
ఐ యామ్ హంగ్రీ.
ఐ నో ఇంగ్లీష్.

చైనా విద్యార్థి భాషలో "హ్యావ్" వంటి క్రియ ఉన్నది. "వో యౌ దిదీ" అంటే "ఐ హ్యావ్ ఎ యంగర్ బ్రదర్" అని. కాబట్టి అతడు ఇక్కడ తడబడడు.

(ఆ) "తున్నాను" అనే చివర. "నేను పదేండ్లుగా ఇక్కడ పని చేస్తున్నాను" అనేది చక్కని తెలుగు. దానిని "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అని మార్చితే తప్పు. గతములో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి "హ్యావ్ బీన్" కావాలి: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్." ఎంత కాలము అనే లెక్కకు "ఫర్", ఎప్పటి నుండి అనే గుర్తుకు "సిన్స్". ఫర్ టెన్ ఇయర్స్, సిన్స్ 2015. ఉద్యోగమునకు వెళ్లిన చోట అడిగే మొదటి ప్రశ్నలలో ఇది ఒకటి కనుక ఈ ఒక్క వాక్యమును నోటికి వచ్చేవరకు అభ్యసించండి.

"ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్" అనేది కూడా మన దేశములో తరచుగా వినబడే తప్పు. ఉండుట, తెలియుట, ఇష్టపడుట వంటి స్థితిని చెప్పునప్పుడు సాధారణముగా "ఇంగ్" రాదు. ఐ హ్యావ్ టూ చిల్డ్రన్.

(ఇ) కర్త లేని వాక్యము. తెలుగులో "వచ్చాడు" అంటే చాలు, వచ్చినవాడు మగవాడని, ఒక్కడని క్రియే చెబుతుంది. ఇంగ్లీషు "కేమ్" ఏమీ చెప్పదు. కాబట్టి "హి" తప్పక ఉండాలి. కర్తగా ఎవరూ కనబడని చోట కూడా "ఇట్" అని ఒకదానిని నిలబెడతారు. "వాన పడుతున్నది" అంటే "రెయిన్ ఈజ్ కమింగ్" కాదు, "ఇట్ ఈజ్ రెయినింగ్." చైనా భాషలో కూడా కర్తను వదిలివేసే అలవాటు ఉన్నది గనుక ఈ చివరిదానిలో అతడు మనకు తోడు.

4. ఇద్దరూ కలిసి పడే చోట్లు

(అ) ఎ, ఆన్, ద. ఈ మూడు చిన్న మాటలు తెలుగులోనూ లేవు, మాండరిన్‌లోనూ లేవు. అయితే వాటి వెనుకనున్న భావము మనకు తెలియనిది కాదు. "పుస్తకము తెచ్చాను" అంటే ఏదో ఒక పుస్తకము. "పుస్తకమును తెచ్చాను" అంటే వినేవానికి ముందే తెలిసిన ఆ పుస్తకము. మొదటిది "ఎ బుక్", రెండవది "ద బుక్". అన్ని చోట్లా ఈ కొలత సరిపోకపోయినా ఆరంభములో బాగా ఉపకరిస్తుంది. వ్రాసే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: "నేను చెప్పేది ఏదో వినేవానికి ముందే తెలుసా?" తెలిస్తే "ద". తెలియకపోతే, అది లెక్కించదగినది ఒక్కటైతే, "ఎ" గాని "ఆన్" గాని.

(ఆ) లేదు అని అడిగినప్పుడు జవాబు. "నీవు నిన్న రాలేదా?" అంటే మనము "అవును, రాలేదు" అంటాము. అడిగిన మాటకు సమ్మతి తెలుపుట మన పద్ధతి. మాండరిన్‌లో కూడా అంతే. ఇంగ్లీషులో "యెస్, నో" అనేవి అడిగినవాని మాటను బట్టి కాక, జరిగిన సంగతిని బట్టి వస్తాయి. రాకపోతే "నో, ఐ డిడ్ నాట్." వస్తే "యెస్, ఐ డిడ్."

ఇది చిన్న సంగతి కాదు. డాక్టరు "యూ ఆర్ నాట్ అలర్జిక్ టు ఎనీ మెడిసిన్?" అని అడుగుతాడు. మనవారు "అవును, ఏదీ పడకపోవడము లేదు" అనే ఉద్దేశముతో "యెస్" అంటారు. డాక్టరు ఏదో మందు పడదని వ్రాసుకోవచ్చు. మందు పడని మనిషి అదే అలవాటుతో "నో" అంటే మరింత ప్రమాదము. కాబట్టి ఇటువంటి చోట యెస్, నో తో ఆపవద్దు. పూర్తి వాక్యము చెప్పండి: "ఐ యామ్ నాట్ అలర్జిక్ టు ఎనీ మెడిసిన్." పూర్తి వాక్యములో అపార్థమునకు తావుండదు.

(ఇ) జంట పదములు. "అలసిపోయినా కానీ వచ్చాడు" అన్నట్లు "ఆల్దో హి వాజ్ టైర్డ్, బట్ హి కేమ్" అంటాము. చైనా విద్యార్థి కూడా అలాగే అంటాడు, ఎందుకంటే అతని భాషలో ఆ రెండు మాటలు జంటగా వస్తాయి. ఇంగ్లీషులో ఒక్కటి చాలు. "ఆల్దో" ఉంటే "బట్" తీసివేయండి, "బికాజ్" ఉంటే "సో" తీసివేయండి.

(ఈ) వర్ణించే మాట ముందా, వెనుకా? "నిన్న వచ్చిన మనిషి" అంటాము. మాండరిన్‌లో "జువోతియన్ లాయ్ ద రెన్" అంటారు. అక్కడ కూడా నిన్న వచ్చిన అనేది ముందు, మనిషి చివర. ఇంగ్లీషులో తలక్రిందులు: "ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే." మనిషి ముందు, అతని వివరము వెనుక. వ్రాయునప్పుడే కాదు, చదువునప్పుడు కూడా మనలను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. కాబట్టి ఇక్కడి నుండి వ్యాకరణమును విడిచి చదువులోనికి వెళ్దాము.

5. చదువుట వేరు, అర్థము చేసుకొనుట వేరు

తెలుగు వాక్యములో ముఖ్యమైన క్రియ చివర ఉంటుంది. మన కన్ను, మన మనస్సు చివరి మాట కోసము ఎదురు చూచుటకు అలవాటు పడినవి. ఇంగ్లీషులో క్రియ మధ్యలో వచ్చి పోతుంది. దాని తరువాత వివరములు తోకవలె వస్తాయి. ఈ వాక్యము చదవండి.

"ద గర్ల్ హూ సాట్ బిహైండ్ ద బాయ్స్ వాజ్ లేట్."

ఆలస్యముగా వచ్చినది ఎవరు? చాలమంది పిల్లలు "బాయ్స్" అంటారు, "వాజ్ లేట్" ప్రక్కనే "బాయ్స్" ఉన్నది గనుక. కానీ "వాజ్" ఏకవచనము. బాయ్స్ అయితే "వర్" కావాలి. కాబట్టి ఆలస్యముగా వచ్చినది గర్ల్. చూశారా, వ్యాకరణము పరీక్ష కోసము మాత్రమే కాదు, ఎవరిని గురించి చెబుతున్నారో తేల్చే సాక్షి అది.

పొడవైన వాక్యము వచ్చినప్పుడు మూడు మెట్లు ఎక్కండి.

మొదటి మెట్టు: ముఖ్యమైన క్రియను వెదకి క్రింద గీత గీయండి.
రెండవ మెట్టు: ఆ పని ఎవరు చేశారు, లేక ఎవరిని గురించి చెప్పారు అని అడిగి కర్త చుట్టూ సున్న చుట్టండి. "హూ, విచ్, దట్" తో మొదలైన తోకను ప్రక్కన పెట్టి చూడండి.
మూడవ మెట్టు: వాక్యమును త్రిప్పే చిన్న మాటలను పట్టుకోండి.

ఆ చిన్న మాటలలో కొన్ని:
మస్ట్: తప్పక చేయాలి.
షుడ్: చేయుట మంచిది.
మే: చేయవచ్చు, చేయకపోవచ్చు.
అన్‌లెస్: అలా అయితే తప్ప.
అన్‌టిల్: అంతవరకు.
ఓన్లీ: అది మాత్రమే.
బై టెన్త్ జూన్: పదవ తేదీతో సహా, ఆ లోపల.
బిఫోర్ టెన్త్ జూన్: పదవ తేదీకి ముందే, అనగా తొమ్మిదవ తేదీ ఆఖరు.

నిఘంటువులో పెద్ద పెద్ద మాటలు వెదుకుటకు మన బిడ్డలు శ్రమపడతారు. కానీ ఒప్పంద కాగితములో మనలను నష్టపరిచేవి పెద్ద మాటలు కావు, ఈ చిన్నవే.

6. ఇతరులు ఎలా అభ్యసించారు?

చైనాలో ఎంతోమంది విద్యార్థుల చేతిలో ఉన్న పుస్తకము ఎల్.జి. అలెగ్జాండర్ వ్రాసిన "న్యూ కాన్సెప్ట్ ఇంగ్లీష్". 1967లో మొదట అచ్చయినది. 1997లో చైనా విద్యార్థుల కోసము సవరించిన ముద్రణ వచ్చింది. నాలుగు భాగములలో రెండవ దానిలో 96 పాఠములు ఉన్నవి. ప్రతి పాఠములో చిన్న కథ, దానిమీద వరుసగా ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకు పూర్తి వాక్యములో జవాబు వ్రాయాలి. ఆ జవాబులన్నిటినీ కలిపితే కథ సారాంశము ఒక చిన్న పేరాగా తయారవుతుంది. చదువుట, అర్థము, వ్యాకరణము, వ్రాత, నాలుగూ ఒకే పనిలో ఇమిడినవి. ఈ పద్ధతి ఏ పుస్తకముతోనైనా మనము చేసుకోవచ్చు.

చైనా పాఠశాలలలో ఉదయము తరగతులు మొదలు కాకముందు పాఠములను పైకి చదివే అలవాటు కూడా ఉన్నది. నోరు తిరుగుటకు ఇది మంచిదే. అయినా ఆ దేశములోనే "మూగ ఇంగ్లీషు" అనే మాట పుట్టింది. అనగా పరీక్ష కాగితము మీద వ్యాకరణము సరిగా వ్రాసి, మనిషి ఎదుటికి వస్తే మాట పెగలని ఇంగ్లీషు. మన బిడ్డలలో దీనికి భిన్నమైన లోపము కనబడుతుంది: గడగడ చదువుతారు, "ఏమి చెప్పాడు?" అంటే మౌనము. అతనిది మూగ ఇంగ్లీషు అయితే మనది చెవిటి ఇంగ్లీషు అనవచ్చు. రెండూ సగము సగమే.

మనకు దగ్గరలో జరిగిన ఒక ప్రయత్నము కూడా చెప్పాలి. ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుండి 1984 వరకు బెంగుళూరు, మద్రాసు మొదలైన చోట్ల కొన్ని పాఠశాలలలో ఒక ప్రయోగము నడిపారు. వ్యాకరణ సూత్రములు చెప్పకుండా పిల్లల ముందు రైళ్ల వేళల పట్టిక, పటము వంటివి పెట్టి, "ఏ రైలు ఎక్కితే సాయంత్రములోపల చేరవచ్చు?" వంటి లెక్కలు ఇంగ్లీషులో తేల్చమనేవారు. మనస్సు అర్థము మీద నిలిచినప్పుడే భాష రూపము బాగా అబ్బుతుందని ఆయన భావము. మన ఇంటికి వచ్చిన కరెంటు బిల్లు, బడి నోటీసు, బస్సు వేళల కాగితము, ఇవే మనకు పాఠ్యపుస్తకములు కాగలవు.

7. అభ్యాసము

(అ) ఈ అయిదు వాక్యములు దిద్దండి. ఏ తప్పు తెలుగు నుండి వచ్చినదో, ఏది చైనా విద్యార్థి సహజముగా చేసేదో, ఏది ఇద్దరిదో కూడా వ్రాయండి.

1. టు మి త్రీ సిస్టర్స్ ఆర్ దేర్.
2. రెయిన్ ఈజ్ కమింగ్.
3. షి ఈజ్ వర్కింగ్ ఇన్ దిస్ షాప్ సిన్స్ ఫైవ్ ఇయర్స్.
4. ఆల్దో హి వాజ్ ఇల్, బట్ హి కేమ్ టు స్కూల్.
5. మై మదర్ ఈజ్ ఎ టీచర్. హి గో టు స్కూల్ ఎవ్రీ డే.

(ఆ) ఈ నోటీసును రెండుసార్లు నెమ్మదిగా చదివి ప్రశ్నలకు జవాబు వ్రాయండి. అభ్యాసము కోసము తయారు చేసిన నోటీసు ఇది.

"పేరెంట్స్ హూ విష్ టు మూవ్ దెయిర్ చిల్డ్రన్ టు అనదర్ స్కూల్ మస్ట్ గివ్ ఎ లెటర్ టు ది ఆఫీస్ బిఫోర్ టెన్త్ జూన్. ద స్కూల్ మే రిటర్న్ హాఫ్ ఆఫ్ ద ఫీజ్ ఇఫ్ ద లెటర్ కమ్స్ ఆన్ టైమ్. ఫీజ్ విల్ నాట్ బి రిటర్న్‌డ్ ఆఫ్టర్ దట్ డేట్ అన్‌లెస్ ద చైల్డ్ ఈజ్ ఇల్."

1. మొదటి వాక్యములో ముఖ్యమైన క్రియ ఏది? కర్త ఎవరు?
2. జూన్ 10న ఉత్తరము ఇస్తే వేళకు ఇచ్చినట్లేనా?
3. వేళకు ఉత్తరము ఇస్తే సగము ఫీజు తప్పక తిరిగి వస్తుందా?
4. బిడ్డ ఆరోగ్యముగా ఉన్నాడు, ఉత్తరము జూన్ 15న ఇచ్చారు. ఫీజు వస్తుందా?
5. ఉత్తరముతో పాటు డాక్టరు సర్టిఫికెట్టు జతపరచాలా?

ప్రశ్నలు అయిన తరువాత నోటీసులోని సంగతిని మీ సొంత మాటలలో మూడు ఇంగ్లీషు వాక్యములుగా వ్రాయండి.

8. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు చేయగలిగిన సహాయము

"మాకు ఇంగ్లీషు రాదు, మా బిడ్డకు మేమేమి నేర్పగలము?" అని తల్లులు అనుకుంటారు. నేర్పగలరమ్మా. బిడ్డ పాఠము చదివిన తరువాత పుస్తకము మూయించి, తెలుగులో నాలుగు ప్రశ్నలు అడగండి: "ఎవరిని గురించి చెప్పారు? ఏమి జరిగింది? ఎందుకు జరిగింది? అది పుస్తకములో ఎక్కడ ఉన్నదో వేలు పెట్టి చూపించు." బిడ్డ తెలుగులో తడుముకోకుండా చెప్పగలిగితే అర్థమైనట్లే. చెప్పలేకపోతే ఎంత గడగడ చదివినా అర్థము కానట్లే. ఈ పరీక్ష పెట్టడానికి తల్లికి ఇంగ్లీషు అక్కరలేదు.

ఇందుకు బిడ్డకు తెలుగు నిలిచి ఉండాలి. ఇంగ్లీషు కోసము ఇంటిలో తెలుగు మానిపించే వారు ఈ సంగతి ఆలోచించాలి. అర్థమును కొలిచే కుంచము బిడ్డకు ఇంటి భాషలోనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు 2020-21 విద్యా సంవత్సరములో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకములు వచ్చినవి. అటువంటివి దొరికితే తెప్పించుకోండి. మన ఇండ్లలో ఇంగ్లీషు బైబిలు, తెలుగు బైబిలు రెండూ ఉంటాయి గనుక, తెలిసిన ఒక వృత్తాంతమును ముందు ఇంగ్లీషులో చదివి, తరువాత తెలుగులో సరిచూసుకొనుట కూడా మంచి అభ్యాసమే. పాత ఇంగ్లీషు ముద్రణ కాక నేటి భాషలో ఉన్న ముద్రణ తీసుకోండి.

సుగ్గికి వెళ్లే కుటుంబముల బిడ్డలకు సంవత్సరము మధ్యలో బడి తెగిపోతుంది. అటువంటి వారికి పెద్ద పుస్తకముల కంటే రోజుకు అరగంట క్రమము మేలు. పది నిమిషములు అయిదారు వాక్యములు పైకి చదువుట, పది నిమిషములు క్రియ, కర్త గుర్తించుట, పది నిమిషములు ప్రశ్నలకు పూర్తి వాక్యములలో జవాబు వ్రాయుట. వారమునకు ఆరు రోజులు ఇలా చేస్తే మూడు గంటలు అవుతుంది. ఒక్కరోజు మూడు గంటలు కూర్చుని ఆరు రోజులు మానివేయుట కంటే ఇది ఎంతో మేలు. దిద్దిన తప్పులను ఒక చిన్న పుస్తకములో మూడు వరుసలుగా వ్రాసుకోండి: నేను వ్రాసినది, సరియైనది, ఆ తప్పు వెనుకనున్న తెలుగు వాక్యము. నెల తిరిగేసరికి అవే నాలుగైదు తప్పులు మరల మరల వస్తున్నట్లు బిడ్డే కనిపెడతాడు. అప్పుడు ఇంగ్లీషు అంతా కష్టమనే భయము పోయి, ఈ నాలుగైదు చోట్లు మాత్రమే జాగ్రత్త అనే ధైర్యము వస్తుంది.

జవాబులు

(అ) 1. ఐ హ్యావ్ త్రీ సిస్టర్స్. (తెలుగు "నాకు" నుండి వచ్చినది.)
2. ఇట్ ఈజ్ రెయినింగ్. (తెలుగు "వాన పడుతున్నది" నుండి వచ్చినది.)
3. షి హ్యాజ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ షాప్ ఫర్ ఫైవ్ ఇయర్స్. (తెలుగు "చేస్తున్నది" నుండి వచ్చినది.)
4. ఆల్దో హి వాజ్ ఇల్, హి కేమ్ టు స్కూల్. (ఇద్దరిదీ.)
5. షి గోస్ టు స్కూల్ ఎవ్రీ డే. (చైనా విద్యార్థిది. "హి" అన్నది ఒకటి, "గో" అన్నది రెండవది.)

(ఆ) 1. క్రియ "మస్ట్ గివ్", కర్త "పేరెంట్స్". "హూ విష్" నుండి "స్కూల్" వరకు తోక.
2. కాదు. "బిఫోర్" అన్నారు గనుక 9వ తేదీ ఆఖరు.
3. తప్పక అని లేదు. "మే" అన్నారు, ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు.
4. రాదు. గడువు దాటినది, "అన్‌లెస్" క్రిందికి వచ్చే అనారోగ్యమూ లేదు.
5. నోటీసులో ఆ సంగతి చెప్పలేదు.

అయిదవ ప్రశ్నకు చాలమంది "జతపరచాలి" అని వ్రాస్తారు. లోకములో సర్టిఫికెట్టు అడుగుతారని మనకు తెలుసు గనుక అలా తోస్తుంది. కానీ అడిగినది నోటీసు ఏమి చెప్పినదో అని. విదేశములకు వెళ్లేవారు వ్రాసే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో చదువు భాగమునకు ఒక గంట, 40 ప్రశ్నలు. అందులో ఒప్పు, తప్పు, చెప్పలేదు అనే మూడు జవాబులలో ఒకటి ఎంచుకొనే ప్రశ్నలు కూడా వస్తాయి. మన ఊహను ప్రక్కన పెట్టి, కాగితములో లేనిదానిని "లేదు" అని చెప్పగలిగినవాడు ఆ పరీక్షలో నెగ్గుతాడు. సంతకము పెట్టే ముందు ఆఫీసుకు వెళ్లి, "సర్టిఫికెట్టు సంగతి ఇందులో వ్రాయలేదు, కావాలా?" అని అడిగేవాడు కూడా అతడే.